సామాన్ల గదిలో మంచి శుక్రవారం

ఏడు మాటల్లో ఐదోది నాకిచ్చారు. మా బందరు గుళ్ళో మంచి శుక్రవారం నాడు పన్నెండింటి నుంచి మూడింటి దాకా, సిలువ మీద ప్రభువు పలికిన ఏడు మాటల గురించి ఏడుగురు లేచి మాట్లాడతారు. ఎప్పుడూ చదువుకున్నవాళ్ళే. టీచర్లు, బ్యాంకులో చేసి రిటైరైనవాళ్ళు, సంఘపెద్దలు. నేను మూడో తరగతితో బడి మానేసి, ఆడవాళ్ళ వైపు గోడవారగా కూర్చుని, ముప్పై ఏళ్ళకు పైగా వాళ్ళు చెప్పింది విన్నదాన్ని. ఆ ఏడు మా పాస్టరు అయ్యగారు ఇంటికొచ్చి, "ఐదో మాట మీరు చెప్పాలమ్మా" అన్నారు. పైకి "నాకేం వచ్చు లెండి" అన్నాను గానీ, ఆయన రెండోసారి అడక్కుండా వెళ్ళిపోతారేమోనని లోపల భయపడ్డాను.

ఐదో మాట దాహం గురించి. ఆయన దాహమన్నాడు, అక్కడి సైనికులు చిరక, అంటే పులిసిన ద్రాక్షరసం, అందించారు. దాని మీద పదిహేను నిమిషాలు మాట్లాడాలి. కాగితం చూసి చదవాలంటే నాకు కూడబలుక్కోవాల్సి వస్తుంది. అందుకని మనవరాలి చేత రాయించి, దాని చేతే చదివించుకుని మొత్తం నోటికి పట్టాను. పప్పు రుబ్బుతూ, బట్టలు ఆరేస్తూ అప్పజెప్పుకునేదాన్ని. మనిషికి లోకంలో ఎన్ని దాహాలున్నాయో, పోగేసుకున్నదంతా వదిలేసి ఆయన వైపు ఎందుకు తిరగాలో అందులో ఉంది. వదిలెయ్యడం గురించి గట్టిగా చెప్పమన్నది అయ్యగారే. మా సామాన్ల గది సంగతి తెలిసి చెప్పమన్నారో తెలియక చెప్పమన్నారో ఇప్పటికీ అడగలేదు.

ఆ గది ఇంటికి పక్కగా, సందులోకి కిటికీ పెట్టి కట్టిన చిన్న గది. పైన రేకులు. నేను పుట్టింది దివిసీమలో. ఉప్పెన వచ్చి పోయాక మా ఇంటి చోట మిగిలింది నేను, మా అమ్మ, ఒక ఇత్తడి చెంబు. ఆ చెంబు కూడా మాది కాదు, ఎవరి ఇంట్లోదో కొట్టుకొచ్చి బురదలో దిగబడింది. పెళ్ళయి బందరు వచ్చాక నేను దేన్నీ పారెయ్యలేదు. కడిగి ఆరబెట్టిన పాల కవర్లు కట్టలు కట్టలు. మూతలున్న సీసాలు, మూతల్లేని సీసాలు. సిమెంటు సంచులు. పెళ్ళిళ్ళలో పంచిన స్టీలు గిన్నెలు. పోయిన మా ఆయన గొడుగులు మూడు, వాటిలో రెండిటికి గుడ్డ లేదు. కొడుకు చిన్నప్పటి స్కూలు సంచులు. ఏటేటా గుళ్ళో ఇచ్చిన వాక్యాల క్యాలెండర్లు. సంవత్సరం పాతబడుతుంది గానీ దాని మీది వాక్యం పాతబడదు గదా, ఎలా పారేస్తాం? చుట్టి, రబ్బరు బ్యాండు వేసి నిలబెట్టేదాన్ని. పొదుపు అనేదాన్ని దీన్ని. మా ఇంటికొచ్చి దుబారా ఎక్కడుందో చూపించమని నలుగురిలో అన్న రోజులున్నాయి.

ఆ శుక్రవారం పొద్దున కోడలు జడ వేసుకుంటూ కదిపింది.

"అత్తయ్యగారూ, ఈస్టరు అయ్యాక ఆ గది ఖాళీ చేద్దామండీ. బుధవారం ఆడవాళ్ళ ప్రార్థన ఎప్పుడూ మన ఇంటి వంతు దాటేసి పోతుంది. కూర్చోడానికి చోటేదీ?"

"ఖాళీ చేసి ఎక్కడ పెడతావే? మీ పుట్టింట్లోనా?"

"పెట్టడం కాదండీ. తీసెయ్యడం."

"మీ నాన్న ఇచ్చినవేమైనా ఉంటే తీసెయ్యి. ఎవరొద్దన్నారు?"

ఆమె దువ్వెన కింద పెట్టేసింది. నేను ఊరుకోలేదు. ఇంకా అన్నవి ఇక్కడ చెప్పను. పాటలు పాడేవాళ్ళలో ఆమె కూడా ఉంది, ముందుగా వెళ్ళాలి. మనవరాలి చెయ్యి పట్టుకుని గుమ్మంలో నిలబడి, "కలిసి వెళ్దామాండీ?" అంది. "మీరు పొండి. నాకు దారి తెలుసు" అన్నాను. కొడుకు గుడివాడ రైసుమిల్లులో పనికి పోయాడు. వాడికి సెలవు లేదు.

వాళ్ళు వెళ్ళాక చీర తీసుకున్నాను. ఆ రోజు గుళ్ళో ఆడవాళ్ళమంతా తెల్లచీరలే కడతాం. నాది ఉతికి ఉతికి పసుపు తిరిగింది. వెనక గోడవారగా కూర్చునేదానికి అది చాలు, మైకు ముందు నిలబడేదానికి చాలదనిపించింది. సామాన్ల గదిలో ట్రంకుపెట్టె అడుగున ఇంకో తెల్లచీర ఉంది, మడత విప్పనిది. నేను పోయాక నా ఒంటిమీద కట్టి పెట్టెలో పడుకోబెట్టడానికి దాచుకున్న చీర. మాలో చాలామంది ముసలాళ్ళు అలా దాచుకుంటారు, పిల్లలు ఆ హడావుడిలో ఏ నాసిరకమో తెస్తారని. ఒక్క పూట కట్టి, ఉతికి, మళ్ళీ మడతపెట్టెయ్యొచ్చనుకున్నాను. ఉన్న తెల్లచీరే ఒంటికి చుట్టుకుని, వీధి తలుపు గడియ వేసి, గదిలోకి వెళ్ళాను. ఫోను ముందు గదిలో చార్జింగుకి పెట్టి ఉంది.

ఆ గది తలుపు లోపలికి తెరుచుకుంటుంది. ట్రంకుపెట్టె తలుపు వెనకాల ఉంటుంది. అంటే పెట్టె మూత తియ్యాలంటే లోపల నిలబడి తలుపు మూసుకోవాలి. మూసుకున్నాను. పెట్టె మీదున్న మూట ఎక్కడ పెట్టాలో తోచక, గోడకి నిలబెట్టిన ఇనప మడతమంచం పైకి తోశాను. మంచం జారింది. దాని వెనక పేర్చిన బస్తాలు, గిన్నెల గోతం, సీసాల అట్టపెట్టె అన్నీ దాని వెంట దిగి తలుపుకీ పెట్టెకీ మధ్య ఇరుక్కున్నాయి. నాకు దెబ్బ తగల్లేదు. ముందు ఏ గిన్నె సొట్టపడిందోనని చూసుకున్నాను. ఆ తర్వాత తలుపు లాగాను. రెండు వేళ్ళు దూరేంత కదిలి ఆగింది.

మంచం తీస్తే తలుపు వస్తుంది. మంచం తియ్యాలంటే బస్తాలు జరగాలి. బస్తాలు జరగడానికి గదిలో జానెడు నేల లేదు. ఏది ఎత్తినా పెట్టే చోటు ఇంకోదాని నెత్తిమీదే. ఎత్తినదాన్ని చేతుల్లో పట్టుకుని చుట్టూ చూసి, మళ్ళీ అక్కడే పెట్టేదాన్ని. ఎన్నిసార్లు అలా చేశానో. రేకులు కాలుతున్నాయి. మూడింటి దాకా పచ్చినీళ్ళు కూడా ముట్టని ఉపవాసం. కిటికీ దగ్గరికి చేరడానికే సంచుల మీద మోకాళ్ళతో పాకాల్సి వచ్చింది. సందులోకి కేకేశాను. మా సందువాళ్ళు సగంమంది గుళ్ళో ఉన్నారు, మిగతా సగం తలుపులేసుకుని ఫ్యాను కింద పడుకున్నారు.

గుడి మాకు రెండు సందుల అవతల. పన్నెండింటికి మైకు మోగింది. పాట అయింది. మొదటి మాట మొదలైంది. ఇంకా నాలుగున్నాయి నా వంతుకి, ఈలోగా బయటపడకపోతానా అనుకున్నాను. ఊరికే నిలబడటం ఎందుకని ట్రంకుపెట్టె మూత అందినంత ఎత్తి, చెయ్యి దూర్చి ఆ చీర లాగాను. మడతల వెంట పలచగా మెరిసింది. విదిలిస్తే మడత మడతకీ చిరిగి వచ్చింది. ఏళ్ళ తరబడి ఒకే మడతలో ఉన్న నూలు అంతే. దాన్నక్కడే వదిలేసి మళ్ళీ కిటికీ దగ్గరికి పాకాను.

మూడో మాట నడుస్తుండగా చేపలామె వచ్చింది. సముద్రం ఒడ్డు పల్లె నుంచి గంప నెత్తిన పెట్టుకుని వచ్చి మా వీధుల్లో అమ్ముతుంది. ఏళ్ళుగా నేను ఆమెతో గీచి గీచి బేరమాడతాను.

"ఏయ్ అమ్మాయ్, ఇటు రా!"

ఆమె ఆగి అటూ ఇటూ చూసింది. "ఎవరండీ? ఇయ్యాళ మీ సందులో ఎవరూ కొనరని తెలుసండీ, అడ్డదారని ఇట్టా వచ్చా."

"కొనడానికి కాదు. కిటికీ దగ్గరికి రా."

"మామ్మగారా! మైకు మోగుతుంటే గుడికెళ్ళలేదేంటండీ?"

"తలుపు పట్టేసింది."

ఆమె గంప దించి ఊచల్లోంచి లోపలికి చూసింది. చాలాసేపు చూసింది. "ఓరి నాయనో, ఇందులో తలుపెక్కడుందండీ?"

"వేళాకోళం తర్వాత ఆడుదువు గాని. వీధి తలుపు గడియ వేసి ఉంది. ఇటువైపు నుంచే ఏదన్నా చెయ్యాలి."

"నేను గుడి కాడికెళ్ళి మీ కోడలమ్మగారిని పిలుచుకొస్తానండీ. ఎంతసేపు!"

"వద్దు."

"గుమ్మం బయట నిలబడి చెయ్యి ఊపుతాలెండి. నీచువాసనని లోపలికి రాను."

"వద్దన్నానా! గుడికి మాత్రం వెళ్ళకు."

ఇప్పుడు చెబుతుంటే సిగ్గుగా ఉంది గానీ, అప్పుడు నా మనసులో ఉన్నది అదొక్కటే. వదిలెయ్యండి అని అందరికీ చెప్పాల్సినదాన్ని, నా సామాన్ల కింద నేనే ఇరుక్కున్నానని మైకు దగ్గర కబురు చేరితే ఇంకేం మిగిలింది? ఆమె వెళ్ళి ఉంటే పావుగంటలో బయటపడేదాన్ని.

"అయితే ఒక్కోటీ ఈ ఊచల్లోంచి నాకు అందియ్యండి. సందులో పెడతా. లోపల కాస్త చోటైతే మంచం మీరే జరుపుకోవచ్చు" అందామె. గంప మీద తడి గోనె సరిచేసి, కొంగు నడుముకి చెక్కుకుని నిలబడింది.

పాల కవర్లు ఇచ్చాను. సిమెంటు సంచులిచ్చాను. సీసాలు ఒక్కోటీ ఇచ్చాను.

"గోడకి ఆనించు. ఎండలో పెట్టకు."

"అట్టాగేనండీ."

"మూత ఊడినట్టుంది చూడు. ఎటు దొర్లిందో వెతుకు."

"మామ్మగారూ, నన్ను మిమ్మల్ని బయటికి తియ్యమంటారా, మీ మూతలు ఏరమంటారా?"

గొడుగు ఇచ్చి మళ్ళీ వెనక్కి లాక్కున్నాను. అది మా ఆయన గుడివాడ సంతలో కొన్నదని చెప్పాను. స్కూలు సంచి ఇస్తూ కొడుకు ఒకటో తరగతి సంగతి చెప్పాను. గిన్నెల దగ్గరికొచ్చేసరికి ఏది ఎవరి పెళ్ళిలో వచ్చిందో చెప్పకుండా ఇవ్వలేకపోయాను. ఆమె ఎండలో నిలబడి అన్నీ వింది. చివరికి, "ఒక్కోదానికీ ఇట్టా కథ చెప్పుకుంటా పోతే పొద్దు గుంకుద్దండీ. నా చేపలు కూడా చూసుకోవాల గదా" అంది. ముందు గదిలో ఫోను మోగింది. ఆగి మళ్ళీ మోగింది. నాలుగో మాట చెప్పే రిటైర్డు హెడ్మాస్టరు గారు గొంతు పెంచుతున్నారు.

క్యాలెండర్లు ఇచ్చేటప్పుడు, "వాక్యం ఉంది, నేల మీద పెట్టకు" అన్నాను.

"నాకు తెలీదాండీ, దేవుడి కాయితాలు." అన్నీ చంకలో పెట్టుకుంది. చంక నిండితే చేతుల మీదికి తీసుకుంది. ఇక మిగతావి అందుకోవడానికి ఆమెకు చెయ్యి లేదు. ఇద్దరం ఒకళ్ళనొకళ్ళం చూసుకుంటూ నిలబడ్డాం.

"గంప మీద పెడతానండీ. గోనె మీద మీ సంచి పరుస్తా. తప్పా?"

"పెట్టు" అన్నాను. నా గొంతు నాకే వినపడలేదు. నాలుక అంగిటికి అంటుకుపోయింది. నోటికి పట్టిన ప్రసంగంలో మొదటి మాట కోసం వెతికాను, రాలేదు. రెండో మాటా రాలేదు. ఆమె నా మొహం చూసి, తన నీళ్ళ సీసా ఊచల్లోంచి దూర్చింది. ఉపవాసం అని చెప్పబోయాను. మూడింటికి ఇంకా చాలాసేపుంది. తాగాను. నీళ్ళు వేడిగా, చేపల వాసనతో ఉన్నాయి. సీసా తిరిగి ఇవ్వబోతే, "మీ కాడే ఉంచుకోండి, మళ్ళీ కావాలంటారు" అంది.

అప్పుడే మైకులో అయ్యగారు నన్ను పిలిచారు. పేరు పెట్టి, ముందుకు రమ్మని. కాసేపు ఆగి మళ్ళీ పిలిచారు. మైకులో కుర్చీలు జరిగిన చప్పుడు, ఎవరిదో దగ్గు. నేను ఊచలు పట్టుకుని నిలబడ్డాను. ఇక్కడున్నానని అరవాలనిపించింది.

తర్వాత వినపడింది మా కోడలి గొంతు.

"అందరికీ వందనాలండీ. ఈ మాట మా అత్తయ్యగారు చెప్పాలి. ఆవిడ నెలరోజుల్నించీ వంటింట్లో అప్పజెప్పుకుంటుంటే విని విని నాక్కూడా వచ్చేసింది. కానీ అది నేను చెప్పనండీ, అది ఆవిడది. నాకు తెలిసింది రెండు ముక్కలు చెప్తాను. ఎండాకాలం మా గుమ్మం ముందు ఎవరాగినా మా అత్తయ్యగారు నీళ్ళిస్తారు. చేపలమ్మేవాళ్ళకి, రిక్షావాళ్ళకి, ఎవరికైనా. వాళ్ళు తాగిందాకా పక్కనే నిలబడతారు. గ్లాసు చేతికొచ్చిందాకా కదలరు."

గుళ్ళో నవ్వారు. మంచి శుక్రవారం నాడు గుళ్ళో నవ్వు నేనెప్పుడూ వినలేదు.

చేపలామె కళ్ళు పెద్దవి చేసింది. "మీ గురించేనండీ! మైకులో! నా గురించి కూడా చెప్పారు!" తర్వాత కాస్త తగ్గి, "నిజమేలెండి, గ్లాసు లాక్కుంటారు మీరు" అంది.

మైకులో కోడలు ఇంకా చెబుతోంది. "సిలువ దగ్గర అంతమంది ఉన్నారండీ, ఆయన దాహమంటే మంచినీళ్ళు పట్టుకుని ఒక్కరూ నిలబడలేదు. మా అత్తయ్యగారు ఉంటే నిలబడేవారు. నాకది ఒక్కటే తెలుసండీ." అంతే చెప్పి కూర్చుంది.

పొద్దున ఆమెతో నేనన్న మాటలన్నీ ఒక్కోటీ గుర్తొచ్చాయి. ఆమె ఆ మాటలు మోసుకుని వెళ్ళి, నిలబడి, ఇది చెప్పింది. నేను ఇక ఏ వస్తువుకీ కథ చెప్పలేదు. చేతికందింది అందినట్టు ఊచల్లోంచి తోసేశాను. మూటలు పట్టకపోతే విప్పి గుడ్డకి గుడ్డ ఇచ్చాను. ఆరో మాట మొదలయ్యేసరికి నేల కనిపించింది. మంచం ఒక కొస పట్టి ఎత్తాను. తలుపు మనిషి పట్టేంత తెరుచుకుంది.

వీధి తలుపు తీసుకుని సందులోకి వచ్చాను. చేపలామె గంప మీది క్యాలెండర్లు నా చేతికిచ్చింది. ఒకదాని మీద గొర్రెపిల్లని ఎత్తుకున్న ప్రభువు బొమ్మ ఉంది. "ఇది బాగుందండీ, మా ఇంట్లో పెట్టుకుంటా" అంది. ఇచ్చాను. చేపలు పాడైపోతాయని ఆమె గబగబా నడిచి వెళ్ళిపోయింది.

గుడికి నడిచి ఐదు నిమిషాలు. ఏడో మాట మిగిలి ఉంది. పసుపు తిరిగిన చీరే ఒంటిమీద ఉంది, చెమటకి తడిసి అంటుకుపోయింది, అయినా వెళ్ళొచ్చు. నా ముందు సందు పొడుగునా నా సామాన్లు పరుచుకుని ఉన్నాయి. వీధి మొగలో పాత ఇనప సామాన్లు కొంటామని బండివాడి రికార్డు వినపడుతోంది. విలువైనవి నాలుగు లోపల పెట్టి పోదామనుకున్నాను. స్టీలు గిన్నెలు పెట్టాను. గొడుగు పెట్టాను. సీసాలు మాత్రం ఎందుకు వదలాలని అవీ పెట్టాను. ఎవరూ తరమలేదు, ఎవరూ అడ్డం లేరు. నా కాళ్ళతో నేనే నడిచి, నా చేతులతో నేనే ఆ గది మళ్ళీ నింపుతున్నాను. ఏడో మాట అయిపోయి ఆశీర్వాదం చెబుతుంటే వినపడింది. అప్పుడు నా చంకలో సిమెంటు సంచులున్నాయి.

తెల్లచీరలు సందులోకి వచ్చాయి. కోడలు ముందు నడుస్తోంది. నన్ను చూసి, సామాన్లు చూసి, కిటికీ చూసింది.

"ఫోను చేశానండీ, తియ్యలేదు. పొద్దున మాటలకి కోపమొచ్చి మానేశారనుకున్నా. అందుకే ఎవర్నీ పంపలేదు" అంది. మనవరాలు అప్పటికే లోపలికి తొంగి చూసి వచ్చి, "అమ్మా, నానమ్మ గదిలో పడిపోయింది!" అని సందంతా వినపడేలా చెప్పింది.

"పడలేదు. ఇరుక్కున్నాను" అన్నాను.

పక్కింటావిడ నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది. అయ్యగారు ఆగి సామాన్లన్నీ చూసి, తల వంచుకుని వెళ్ళిపోయారు. నేను భయపడ్డది అంతా జరిగిపోయింది. అది జరక్కూడదనే ఆ గదిలో అంతసేపు ఉండిపోయాను.

కోడలు నా చంకలోని సంచులు తీసుకుంది. "నేను చెప్పింది విన్నారాండీ?"

"విన్నాను."

"తప్పు చెప్పానా?"

"గ్లాసు సంగతి చెప్పకుండా ఉండాల్సింది."

"నోట్లోంచి వచ్చేసిందండీ." నవ్వు ఆపుకుంటోంది. తర్వాత, "ఇవి లోపల పెట్టమంటారా?" అని అడిగింది.

వద్దనడానికి నాకు నోరు రాలేదు. పెట్టమనడానికీ రాలేదు. "రేపు చూద్దాం" అన్నాను. ఆ రాత్రికి కోడలు వాటిని అక్కడే వదిలి ఒక ప్లాస్టిక్ పట్టా కప్పింది.

శనివారం పొద్దున ఆమె, సందులో ఇద్దరాడవాళ్ళు గది పని పట్టారు. కావలసినవాళ్ళు తీసుకోవచ్చని, మిగిలింది బండివాడికని చెప్పాను. నేను పెరట్లో గోడ వైపు తిరిగి బియ్యంలో రాళ్ళు ఏరుతూ కూర్చున్నాను. చూడకుండా ఉండొచ్చనుకున్నాను గానీ చెవులు ఉన్నాయి కదా. ఏ చప్పుడు దేనిదో నాకు తెలుసు. ఇది గిన్నెల గోతం. ఇది మంచం. ఇవి సీసాలు. కోడలు మాటిమాటికీ పెరటి గుమ్మంలోకి వచ్చి, "అత్తయ్యగారూ, ఇది ఉంచమంటారా?" అని అడుగుతోంది. మొదట రెండు మూడు ఉంచమన్నాను. అలా అన్నవి పది దాటాక చాట కింద పెట్టాను.

"అడక్కే అమ్మాయ్. అడిగితే ఉంచమంటాను. నా సంగతి నీకు తెలీదా?"

ఆమె ఇక రాలేదు. చప్పుళ్ళు మాత్రం మధ్యాహ్నం దాకా వచ్చాయి.

ఈస్టరు రోజు తెల్లవారుజామున గుడికి వెళ్ళేముందు ఆ గదిలోకి వెళ్ళాను. గోడల మీద సామాన్లు ఆనిన మేర రంగు వేరేగా ఉంది. చాప వేసుకుని మోకరించాను. ప్రార్థన వస్తుందనుకున్నాను, రాలేదు. కళ్ళు మూసుకుంటే ఒకటే జాబితా. గొడుగు ఎవరు పట్టుకెళ్ళారో, గిన్నెలు చిల్లుపడేదాకా వాడతారో లేదో, సీసాల మూతలు సీసాలతోనే వెళ్ళాయో లేదో. తోసేస్తే మళ్ళీ మొదట్నించీ వస్తోంది. లేచిపోదామనుకున్నాను. చివరికి, నాకు ఇదే ఉంది, ఇంకేమీ లేదు, ఇదే విను అని ప్రభువుకి ఆ జాబితా మొత్తం చెప్పాను. చాలాసేపు పట్టింది. బయట కోడలు టైమవుతోందని పిలుస్తున్నా లేవలేదు.